వేడిని దాచుకునే నానోపోగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నానోపోగుల మీద, అంటే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగుల మీద, పనిచేస్తానని తెలిసినప్పటి నుంచి చుట్టాలు, కాలేజీ పిల్లలు, బట్టల వ్యాపారంలో ఉన్న స్నేహితులు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మధ్యలో కొన్ని లెక్కలు వస్తాయి, హైస్కూలు గుణకారాలు దాటవు. వాటిని మాత్రం వదిలేసి చదవకండి. ఈ విషయంలో అసలు సంగతంతా ఆ లెక్కల్లోనే ఉంది.

దశమార్పు పదార్థం అంటే ఏమిటి?

డిసెంబరు పొద్దున కొబ్బరి నూనె సీసా చూసే ఉంటారు. తెల్లగా గడ్డకట్టి, ఎంత వంచినా చుక్క రాలదు. వేడినీళ్ల గిన్నెలో కాసేపు నిలబెడితే అంచుల నుంచి మెల్లగా కరుగుతుంది. అలా కరుగుతున్నప్పుడు ఆ గడ్డ నడుమ ఒక థర్మామీటరు పెట్టి చూడండి. గడ్డంతా కరిగేదాకా అది 24, 25 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. వేడి లోపలికి పోతూనే ఉంటుంది, ఉష్ణోగ్రత మాత్రం పెరగదు. వచ్చిన వేడంతా గడ్డని నూనెగా మార్చడానికే సరిపోతుంది. రాత్రి చల్లబడి మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఆ వేడి తిరిగి బయటికొస్తుంది.

ఇలా కరుగుతూ వేడిని పుచ్చుకుని, గడ్డకడుతూ తిరిగిచ్చే వాటినే దశమార్పు పదార్థాలు అంటారు. ల్యాబుల్లో పొట్టిగా పీసీఎం అంటాం. దాగి ఉండే ఆ వేడికి మన పాఠ్యపుస్తకాల్లో పేరు గుప్తోష్ణం. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ దీన్ని కొలిచి చూపించాడు. ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌల్స్ కావాలి. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జౌల్స్ చాలు. అంటే మంచు కరగడానికి పట్టిన వేడితో, కరిగిన ఆ నీటినే సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఒక చిన్న పదార్థంలో ఇంత వేడి ఇరికించవచ్చన్నదే ఈ రంగమంతటికీ పునాది.

మరి దాన్ని పోగుల్లో పెట్టడం ఎందుకు? డబ్బాలో పోస్తే చాలదా?

చాలా చోట్ల డబ్బానే మేలు. వ్యాక్సిన్ పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలంటే, 6 డిగ్రీల దగ్గర కరిగే పదార్థాన్ని గట్టి ప్లాస్టిక్ పలకల్లో పోసి పేర్చుకోవడమే తెలివైన పని. అక్కడ నానోపోగులు వాడాలని ఎవరైనా అంటే నేను వద్దనే చెబుతాను.

పోగుల అవసరం వేరే చోట వస్తుంది. పీసీఎంగా వాడే మైనం కరిగితే కారిపోతుంది. మైనం గుండా వేడి చాలా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి గడ్డ పెద్దదైతే పైన కరిగినా నడుమ గట్టిగానే ఉంటుంది. పైగా గడ్డ వంగదు, మడతపడదు, కుట్టుకు రాదు. అదే మైనాన్ని సన్నని పోగుల లోపల పంచిపెడితే ఈ మూడు ఇబ్బందులూ ఒకేసారి తగ్గుతాయి. పోగు మందం సాధారణంగా కొన్ని వందల నానోమీటర్లు, అంటే మన వెంట్రుకలో సుమారు వందో వంతు. అంత సన్నని దానిలో వేడి లోపలిదాకా వెళ్లడానికి క్షణం పట్టదు. కరిగినా చుట్టూ ఉన్న పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం, దాన్ని పట్టి ఉంచుతుంది. చేతికి పల్చని కాగితంలా, కాస్త దూదిలా తగులుతుంది.

ఈ పోగులు ఎలా తీస్తారు?

ఎక్కువగా వాడేది ఎలక్ట్రోస్పిన్నింగ్. పేరు కొత్తగా వినిపించినా పద్ధతి పాతదే. అమెరికాలో 1902లోనే దీనికి పేటెంట్లు ఉన్నాయి, 1934లో ఆంటన్ ఫార్మ్‌హాల్స్ మరింత పనికొచ్చే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1990ల్లో అమెరికాలోని ఏక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనెకర్ బృందం పని తర్వాత ప్రపంచమంతా మళ్లీ దీని వైపు చూసింది.

దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. సిరంజిలో పాలిమర్ ద్రావణం, పల్చని గంజిలా. సూది కొనకు 15, 20 కిలోవోల్టుల కరెంటు. ఎదురుగా ఓ జానెడు దూరంలో అల్యూమినియం రేకు. స్విచ్ వేయకముందు సూది కొనన చుక్క గుండ్రంగా వేలాడుతుంది. వోల్టేజి పెంచుతూ పోతే ఆ చుక్క కిందికి సాగి, శంఖం మొనలా సూదిగా అవుతుంది. 1964లో ఈ ఆకారాన్ని లెక్కగట్టిన జెఫ్రీ టేలర్ పేరు మీద దాన్ని టేలర్ శంకువు అంటారు. ఆ మొన నుంచి కంటికి కనపడీ కనపడని సన్నని ధార దూకి, కొరడాలా గిరగిరా తిరుగుతూ, గాల్లోనే ఆరిపోయి, రేకు మీద తెల్లగా పేరుకుంటుంది. పక్క నుంచి టార్చి లైటు వేస్తే తప్ప ఆ ధార కనపడదు. ఎన్నోసార్లు చూశాను, ఇప్పటికీ స్విచ్ వేసిన మొదటి నిమిషం కళ్లు తిప్పుకోలేను.

దీన్ని పిల్లలకు చెప్పేటప్పుడు పీచుమిఠాయి బండిని గుర్తు చేస్తాను. అక్కడ గిర్రున తిప్పే బలం పంచదార పాకాన్ని పోగులుగా లాగుతుంది, ఇక్కడ విద్యుత్తు లాగుతుంది. నిజానికి అచ్చం పీచుమిఠాయి యంత్రం లాగే తిప్పి నానోపోగులు తీసే పద్ధతి కూడా ఉంది.

మైనం పోగు లోపలికి ఎలా వెళ్తుంది?

రెండు దారులు. ఒకటి, పాలిమర్‌నీ పీసీఎంనీ ఒకే ద్రావణంలో కలిపి తీయడం. ఇది తేలిక. పీసీఎం పోగంతా చిన్న చిన్న గూళ్లలో సర్దుకుంటుంది. కానీ కొంత పైకి కూడా తేలుతుంది, ఆ తేలినదే తర్వాత కారేది.

రెండోది, సూదిలో సూది. లోపలి సూది నుంచి కరిగిన మైనం, బయటి సూది నుంచి పాలిమర్. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు పోగు వస్తుంది. 2006లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో యూనన్ షియా బృందం ఈ విధంగా ఆక్టాడెకేన్ అనే మైనాన్ని టైటానియా (టైటానియం ఆక్సైడ్), పాలిమర్ కలిసిన తొడుగులో పెట్టి చూపించింది. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ పనిని తిరగేసినవాళ్లే. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ చేయడం కష్టం. లోపలి మైనం సూదిలోనే గడ్డకట్టకుండా సిరంజిని వెచ్చగా ఉంచాలి, రెండు ధారల వేగమూ కుదరాలి. ఏది కాస్త తప్పినా తొడుగు చిట్లిపోతుంది.

ఏ పీసీఎం ఎంచుకోవాలి?

ఎన్ని డిగ్రీల దగ్గర పనిచేయాలో ముందు తేల్చుకోండి, పదార్థం పేరు తర్వాత. పారఫిన్ మైనాల్లో హెక్సాడెకేన్ 18 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆక్టాడెకేన్ 28 దగ్గర, ఐకోసేన్ 36, 37 దగ్గర. ఆక్టాడెకేన్ గ్రాముకు సుమారు 240 జౌల్స్ పుచ్చుకుంటుంది. మొక్కల నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలూ ఉన్నాయి. కొబ్బరి నూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం 44 డిగ్రీల దగ్గర, స్టియరిక్ ఆమ్లం 69 దగ్గర కరుగుతాయి. రెండు ఆమ్లాల్ని సరైన పాళ్లలో కలిపితే విడివిడిగా కరిగే ఉష్ణోగ్రత కంటే తక్కువలోనే మిశ్రమం కరుగుతుంది, కాబట్టి కావలసిన డిగ్రీకి సర్దుకోవచ్చు. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్ అయితే అణుభారం మార్చుకుంటూ పోవచ్చు. 6000 ఉన్నది 60 డిగ్రీల చుట్టూ కరుగుతుంది.

ఉప్పు హైడ్రేట్లు, అంటే నీటిని తమలో కలుపుకుని ఉండే లవణాలు, చవక, వేడి కూడా బాగా దాచుకుంటాయి. కానీ నాకు వాటి మీద నమ్మకం తక్కువ. 1948లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త సూర్యరశ్మితో వెచ్చబడే ఒక ఇల్లు కట్టించింది. ఎండ వేడిని దాచడానికి 32 డిగ్రీల దగ్గర కరిగే గ్లాబర్ లవణం అనే ఉప్పు హైడ్రేట్ వాడారు. మొదట్లో బాగానే నడిచింది. కరిగి గడ్డకట్టీ, కరిగి గడ్డకట్టీ ఉప్పు విడిపోయి అడుక్కి చేరింది. కొన్నేళ్లకే ఆ ఇంటికి మామూలు పొయ్యి పెట్టుకోవాల్సి వచ్చింది. టెల్కెస్ ఆలోచనలో లోపం లేదు. ఆ పదార్థం అన్నిసార్లు కరిగి గడ్డకట్టడాన్ని తట్టుకోలేకపోయింది.

ఈ బట్టతో చొక్కా కుట్టిస్తే మన ఎండాకాలంలో చల్లగా ఉంటుందా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

చొక్కాలో 100 గ్రాముల నానోపోగుల పొర పెట్టామనుకుందాం. పోగులో సగానికి కాస్త తక్కువ పీసీఎం ఉంటే గ్రాముకు సుమారు 100 జౌల్స్ వస్తాయి. మొత్తం 10,000 జౌల్స్. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సెకనుకు దాదాపు 100 జౌల్స్ వేడి బయటికొస్తుంది. 10,000ని 100తో భాగించండి. 100 సెకన్లు. రెండు నిమిషాలు కూడా లేదు. నడుస్తుంటే ఇంకా తక్కువ, బయట 42 డిగ్రీలుంటే గాలి వేడి కూడా తోడవుతుంది.

ఇప్పుడు చెమటతో పోల్చండి. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌల్స్ వేడి ఒంటి నుంచి వెళ్లిపోతుంది. అంటే ఆ చొక్కా మొత్తం చేసే పని నాలుగు గ్రాముల చెమట, ఒక చిన్న చెంచాడు, ఆరితే అయిపోతుంది. అందుకే మన ఎండకు పల్చని నూలు చొక్కాను మించింది ఇంతవరకు నాకు కనపడలేదు. గాలి ఆడనివ్వని పీసీఎం పొర వేసి చెమట ఆరకుండా చేస్తే లాభం పోయి నష్టమే మిగులుతుంది.

ఇంకో చిక్కుంది. కరిగిన పీసీఎం మళ్లీ గడ్డకట్టాలి కదా. 28 డిగ్రీల దగ్గర కరిగేది మే నెలలో బీరువాలో పెట్టినప్పుడే కరిగి ఉంటుంది. కోస్తాలో రాత్రి కూడా 28 కిందికి దిగని రోజులు ఎన్నో ఉంటాయి. అది పొద్దున తొడుక్కునే సరికే నిండిపోయిన కుండ. ఇంకో చుక్క పట్టదు. మా బావగారు ఆన్‌లైన్‌లో ఒక 'కూలింగ్' చొక్కా కొని, మూడు రోజులు తొడుక్కుని, నన్ను పిలిచి చూపించారు. లేబుల్ మీద ఎన్ని డిగ్రీలకు కరుగుతుందో లేదు, గ్రాముకు ఎన్ని జౌల్సో లేదు. డబ్బులు పెట్టిన మనిషి బాధ చూశాక ఈ పేజీ రాయాలనిపించింది.

అయితే బట్టల్లో దీనివల్ల ఉపయోగమే లేదా?

ఉంది, చోటు వేరు. చలికీ వేడికీ మధ్య మాటిమాటికీ తిరిగేవాళ్లకు ఇది నిజంగా సాయం చేస్తుంది. కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లి వస్తూ ఉండే కార్మికుడి చేతి తొడుగులు తీసుకోండి. బయట ఉన్నప్పుడు కరిగి వేడి దాచుకుంటాయి, లోపలికెళ్లిన మొదటి నిమిషాల్లో ఆ వేడిని వేళ్లకు ఇస్తాయి. మళ్లీ బయటికొస్తే మళ్లీ నిండుతాయి. బట్టల్లో పీసీఎం వాడకం మొదలైంది కూడా అంతరిక్షంలో వేసుకునే చేతి తొడుగుల కోసమే. 1980ల్లో నాసా డబ్బుతో జరిగిన పరిశోధనలో పీసీఎంని సూక్ష్మ గుళికల్లో పెట్టారు. తర్వాత అమెరికాలో అవుట్‌లాస్ట్ అనే కంపెనీ దాన్ని మామూలు బట్టల్లోకి తెచ్చింది.

ఎండలో పనిచేసే ట్రాఫిక్ పోలీసుకో, బట్టీ దగ్గర కూలీకో కావాలంటే రెండు కిలోల పీసీఎం పలకలున్న చొక్కాయే సరైనది. గ్రాముకు 200 జౌల్స్ చొప్పున 4 లక్షల జౌల్స్. గంట పైగా కాస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ సిద్ధం. బరువుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

గుళికలకూ పోగులకూ తేడా ఏమిటి?

గుళికల్ని జిగురుతో బట్టకు అంటించాలి. జిగురు బట్టను బిరుసు చేస్తుంది, గాలి ఆడనివ్వదు, ఉతికితే కొన్ని రాలతాయి. పోగులో పీసీఎం పోగులో భాగమే, జిగురు అక్కర్లేదు. కానీ నానోపోగుల పొర చాలా బలహీనం, గోరు తగిలితే చిరుగుతుంది. రెండు బట్టల నడుమ పెట్టి అతికించాల్సిందే. అలా అతికించేటప్పుడు ఇస్త్రీ వేడి ఎక్కువైతే మైనం బయటికొస్తుంది.

కారుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

బజ్జీలు పెట్టిన పేపరు మీద నూనె మరక చూశారుగా, అదే పరీక్ష. రెండు సెంటీమీటర్ల ముక్క కోసి, ఫిల్టరు కాగితం మీద పెట్టి, పీసీఎం కరిగే ఉష్ణోగ్రత కంటే 20, 30 డిగ్రీలు ఎక్కువలో ఓవెన్‌లో అరగంట ఉంచండి. ముక్క ఎత్తి కాగితాన్ని లైటుకు అడ్డంగా పట్టుకోండి. మరక ఉంటే దాని అంచు కూడా కనిపిస్తుంది. ముందూ తర్వాతా తూకం వేస్తే ఎంత పోయిందో తెలుస్తుంది.

ఎక్కువ వేడి దాచాలని పీసీఎం వాటా పెంచుతూ పోతాం. ఒక హద్దు దాకా పోగులోని సన్నని గూళ్లు దాన్ని పట్టి ఉంచుతాయి, ఒత్తుగా నేసిన చీర నీళ్లు పట్టి ఉంచినట్టు. హద్దు దాటిందంటే మరక పడుతుంది. నేను ఎన్నిసార్లు అత్యాశకు పోయానో ఆ కాగితాలన్నీ నా ఫైల్లో ఉన్నాయి.

ఎంత వేడి దాచుకుంటుందో ఎలా కొలుస్తారు? పరిశోధన పత్రాల్లో అంకెలు నమ్మొచ్చా?

డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్) అనే యంత్రంతో. కొన్ని మిల్లీగ్రాముల ముక్కని చిన్న అల్యూమినియం గిన్నెలో పెట్టి, మెల్లగా వేడి చేస్తూ, అది ఎక్కడ ఎంత వేడి తీసుకుంటోందో రాసుకుంటుంది. అంకె నమ్మొచ్చా అంటే, ముందు మీరే సరిచూసుకోండి. ఆక్టాడెకేన్ 240, పోగులో దాని వాటా 45 శాతం అంటే 108 రావాలి. 150 వచ్చిందని రాస్తే ఎక్కడో పొరపాటుంది. చాలా తక్కువ వస్తే తయారీలోనే మైనం పోయిందని అర్థం.

ఇంకో రెండు చూడండి. ఒకటి, కరిగే ఉష్ణోగ్రతతో పాటు గడ్డకట్టే ఉష్ణోగ్రత ఇచ్చారా? పదార్థాన్ని చిన్న చిన్న గూళ్లలోకి విడగొడితే ప్రతి గూటిలోనూ గడ్డకట్టడం విడిగా మొదలవ్వాలి, అందుకు కాస్త ఎక్కువ చల్లదనం కావాలి. 28కి కరిగింది 28కే గడ్డకట్టకుండా కొన్ని డిగ్రీలు కిందికి జారవచ్చు. రెండు, ఎన్నిసార్లు కరిగించి గడ్డకట్టించారు? చాలామంది 50, 100 సార్లు చేసి ఆపుతారు. రోజుకు ఒకసారి చొప్పున వాడినా ఏడాదికి 365 సార్లు. టెల్కెస్ ఇల్లు గుర్తుందిగా.

ఫోన్లు, బ్యాటరీల్లో వాడొచ్చా?

నా ఆశంతా ఇక్కడే. మనిషి ఒంటి వేడి ఆగకుండా వస్తూనే ఉంటుంది, చిప్పు వేడి మాత్రం ఉప్పెనలా వచ్చి పోతుంది. ఒక గ్రాము పొర 100 జౌల్స్ పట్టుకుంటే, 5 వాట్ల అదనపు వేడిని 20 సెకన్లు మింగగలదు. వీడియో తెరిచినప్పుడు, గేమ్ లోడయ్యేటప్పుడు వచ్చే ఉప్పెన అంతసేపే ఉంటుంది. తర్వాత చిప్పు తెరిపిన పడ్డాక పొర మళ్లీ గడ్డకడుతుంది. పల్చగా, వంగుతూ, సందుల్లో ఇమిడేది కావాలి కాబట్టి పోగు రూపం అక్కడ అక్కరకొస్తుంది. బ్యాటరీ సెల్స్ మధ్య పెట్టే పొరలకు 40 డిగ్రీలు దాటాక కరిగేవి ఎంచుకుంటారు.

అక్కడ రెండు అడ్డంకులు. పోగుల పొరలో చాలా భాగం గాలి, కాబట్టి వేడి సరిగా లోపలికి పోదు. నొక్కి పల్చన చేస్తారు, వేడిని బాగా మోసే కార్బన్ నానోట్యూబులో గ్రాఫీనో బోరాన్ నైట్రైడో కలుపుతారు. కలిపిన ప్రతి గ్రామూ పీసీఎం చోటు తింటుంది. రెండోది, పారఫిన్ మండుతుంది. కొవ్వొత్తి దానితోనే చేస్తారు. బ్యాటరీ పక్కన పెట్టేదానికి మంటను ఆపే పదార్థం కలపకుండా ముందుకు పోకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

ఇంత మంచిదైతే మార్కెట్లో ఎందుకు దొరకడం లేదు?

సిరంజి నుంచి గంటకు ఒక మిల్లీలీటరు ద్రావణం పోతుంది. అందులో పదో వంతే ఘనపదార్థం, అంటే గంటకు 0.1 గ్రాము. 100 గ్రాములకు 1,000 గంటలు. రాత్రింబవళ్లు ఆపకుండా నడిపినా 41 రోజులు దాటుతుంది. ఒక్క చొక్కా పొరకు!

అందుకని వందల సూదులు పెడతారు, లేదా సూదే లేకుండా తీస్తారు. చెక్ దేశంలోని లిబెరెత్స్‌లో ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధన ఆధారంగా ఎల్మార్కో కంపెనీ సూదుల్లేని యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. దాంతో ఫిల్టర్లకు పనికొచ్చే పొరలు ఫ్యాక్టరీ స్థాయిలో వస్తున్నాయి. కానీ ఫిల్టరుకు చదరపు మీటరుకు గ్రాము కంటే తక్కువైనా చాలు. వేడి దాచాలంటే బరువు కావాలి. మిగతా నానోపోగుల వ్యాపారానికీ దీనికీ తేడా అక్కడే వస్తోంది.

ఆరోగ్యానికి ప్రమాదమా?

తయారైన పోగు పొడవుగా, అల్లుకుని ఉంటుంది కాబట్టి పొడిలా గాల్లో ఎగరదు. నాకు భయమల్లా ద్రావకాల గురించి. చాలా పాలిమర్లను కరిగించడానికి డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే ద్రావకం వాడతారు, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్లి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే పెట్టె) లేకుండా దాని సీసా మూత తీయొద్దు.

మేం బీటెక్ విద్యార్థులం. ప్రాజెక్టుగా చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

తప్పకుండా చేయొచ్చు. ఎలక్ట్రోస్పిన్నింగ్ మన దగ్గర కొత్తేమీ కాదు. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ పద్ధతితో తీసిన పోగులతో శానిటరీ న్యాప్‌కిన్ల మీద కూడా పరిశోధన జరిగింది. మొదట నీళ్లలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్‌తో, పీసీఎం లేకుండా, శుభ్రంగా పోగు తీయడం నేర్చుకోండి. తర్వాత పాలీఇథిలీన్ గ్లైకాల్ కొద్దికొద్దిగా కలపండి. రెండూ నీళ్లలోనే కరుగుతాయి కాబట్టి విష ద్రావకాల టెన్షన్ ఉండదు. తయారైన పొర కూడా నీళ్లు తగిలితే కరిగిపోతుంది, నేర్చుకోవడానికి అది ఫర్వాలేదు.

గదిలో తేమ ఎంతుందో రోజూ రాసుకోండి. జూలైలో ముసురు పట్టిన రోజు పోగు రేకు చేరేసరికి ఆరదు, ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో పూసల్లా ఉండలు కడుతుంది. ద్రావణంలో తప్పుందనుకుని నెలంతా పాళ్లు మార్చుకుంటూ కూర్చున్న పిల్లల్ని చూశాను. తేమ తీసే యంత్రం ఒకటి పెట్టాక రెండు రోజుల్లో పోగు వచ్చింది.

ఇక కరెంటు. ప్రవాహం చాలా తక్కువే కానీ 20 కిలోవోల్టులకు నిప్పురవ్వ ఎగురుతుంది, దగ్గర్లో ఇథనాల్ ఉంటే అంటుకుంటుంది. స్విచ్ ఆపాక కూడా సూది మీద ఛార్జి మిగిలి ఉంటుంది. ఎర్త్ చేసిన కడ్డీని కరెంటు పారని పిడితో పట్టుకుని సూదికి ఒకసారి తాకించి, ఆ తర్వాతే రేకు మీద చెయ్యి పెట్టండి.